అవ్వ అడిగిన ప్రశ్న: దిక్కులేని బిడ్డల పెద్దలను ఎవరు ఎన్నుకొందురు?

రెండు మూడు సంవత్సరముల క్రిందట ఒక వేసవికాలమున మా సంఘములోని ఒక తల్లి జబ్బుచేసి చనిపోయెను. తండ్రి అంతకుముందే ఇల్లు విడిచి వెళ్ళిపోయెను. ఎక్కడున్నాడో ఎవరికిని తెలియదు. ఇంటిలో మిగిలినవారు పదకొండేండ్ల ఆడబిడ్డ, ఆరేండ్ల తమ్ముడు, చూపు మందగించిన వారి అమ్మమ్మ. సమాధి కార్యక్రమము జరిగి పది దినములైనను కాకమునుపే దూరపు బంధువు ఒకడు వచ్చెను. "పిల్లను మాతో పంపండి. పత్తి చేలో పనికి పోతది, తిండికి లోటుండదు. నాలుగేళ్ళు పోతే పెళ్ళి కూడా మేమే చేస్తాం" అనెను. అవ్వ ఏడ్చుచు మా యింటికి వచ్చినది.

మేము 1098 నంబరునకు ఫోను చేసితిమి. మరునాడే జిల్లా నుండి ఒక సోదరి వచ్చి పిల్లలతో మాటలాడి, వీరిని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచవలెనని చెప్పెను. మేము అవ్వను, పిల్లలను బస్సు ఎక్కించుకొని జిల్లా కేంద్రమునకు వెళ్ళితిమి. తీరా చూడగా గదికి తాళము వేసియున్నది. పాత కమిటీ గడువు ముగిసినదట, కొత్త కమిటీని ఇంకను వేయలేదట. పొరుగు జిల్లా కమిటీవారు వారమునకు రెండు దినములు వచ్చి చూచుకొనుచున్నారట. అప్పటివరకు పిల్లలను అవ్వ దగ్గరనే ఉంచుకొనుడని చెప్పిరి. ఆ విధముగా మేము మూడుసార్లు తిరిగితిమి. మేము తిరుగుచుండగా ఆ బంధువు రెండుసార్లు అవ్వ గుమ్మము తొక్కి వెళ్ళెను.

మూడవసారి ఆ కార్యాలయము ముందున్న వేపచెట్టు క్రింద కూర్చుండగా అవ్వ మమ్మును ఒక ప్రశ్న అడిగినది.

"అయ్యగారూ, ఈ కమిటీ పెద్దల్ని ఎవరేస్తారండీ? మనం ఓట్లేశామా?"

"లేదమ్మా, వీరికి ఓట్లుండవు" అంటిమి.

"మా ఊరి సర్పంచిని మేమే గెలిపించుకున్నాం. తప్పు చేస్తే ఇంటికి పోయి అడుగుతాం. మరి ఈళ్ళనెవరడుగుతారండీ?"

ప్రియ పాఠకులారా, ఆ దినమున మాయొద్ద జవాబు లేదు. ఇరువది సంవత్సరములకు పైగా సంఘకాపరిగా ఉండి, ఎందరో దిక్కులేని బిడ్డలను చూచియు, వారి విషయమై తీర్పు చెప్పు పెద్దలు ఏ ద్వారమున ఆ గదిలోనికి వచ్చుచున్నారో మాకు తెలియలేదు. సిగ్గుపడితిమి. ఆ తరువాత చట్టములు చదివి, తెలిసిన వకీళ్ళను అడిగి తెలిసికొనిన సంగతులే ఇక్కడ వ్రాయుచున్నాము. అవ్వ ప్రశ్న మన పల్లెలలోని ప్రతి కుటుంబము అడుగవలసిన ప్రశ్న.

మూడు పీటలు

ప్రభుత్వము తరఫున బాలల క్షేమమును చూచు పెద్దలు మన రాష్ట్రములలో మూడు పీటల మీద కూర్చుందురు. మూడింటిని కలగలిపి ఒక్కటే అనుకొనుట వలన మనము చాలసార్లు పొరబడుచున్నాము.

మొదటి పీట అధికారిది. స్త్రీ, శిశు సంక్షేమ శాఖకు రాష్ట్రస్థాయిలో డైరెక్టరో కమిషనరో ఉందురు. సాధారణముగా వారు ఐ.ఏ.ఎస్. అధికారులు. పరీక్ష వ్రాసి ఉద్యోగములోనికి వచ్చినవారు. ప్రభుత్వము వేసిన చోట కూర్చుందురు, బదిలీ అయిన దినమున లేచి వెళ్ళుదురు. అంగన్‌వాడీలు, శిశుగృహములు, నిధులు, సిబ్బంది వీరి చేతిలోనివి.

రెండవ పీట జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీది. అవ్వను మూడుసార్లు తిప్పినది ఈ పీట ఖాళీగా ఉండుటయే. మూడవ పీట రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌ది. ఈ రెండు పీటల మీద కూర్చుండువారు బదిలీపై వచ్చు ఉద్యోగులు కారు. సమాజములోనుండి ఏరి తెచ్చి కూర్చుండబెట్టబడిన వారు. కనుక ఏరుట ఎట్లు జరుగుచున్నదో అను దానిమీదనే అంతయు ఆధారపడియున్నది.

మన ప్రాంతములో ఇది నిన్న మొన్న మొదలైన పని కాదు. మద్రాసు రాజధానిలో 1920లోనే బాలల చట్టము వచ్చినది. దేశమంతటికి ఒకే చట్టము 1986లో వచ్చెను. దిక్కులేని పిల్లల సంగతి చూచుటకు అప్పుడు జువెనైల్ వెల్ఫేర్ బోర్డులను పెట్టిరి. 1992లో మన దేశము ఐక్యరాజ్య సమితివారి బాలల హక్కుల ఒడంబడికలో చేరినది. 2000 సంవత్సరపు చట్టములో ఆ బోర్డులే బాలల సంక్షేమ కమిటీలైనవి. ఇప్పుడు నడుచుచున్నది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము. 2016 జనవరి 15 నుండి అది అమలులోనున్నది. 2021లో దానిని సవరించిరి.

జిల్లా కమిటీని వేయు విధము

ఈ కమిటీలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉందురు. వారిలో ఒకరైనను స్త్రీ అయి యుండవలెను. కమిటీకి ప్రథమశ్రేణి మేజిస్ట్రేటునకు ఉన్నంత అధికారము కలదు. ఒక బిడ్డను తల్లి దగ్గర ఉంచవలెనా, హోములో చేర్చవలెనా, దత్తతకు అర్హుడని ప్రకటించవలెనా అని తేల్చునది వీరే. దొరికిన బిడ్డను ప్రయాణపు వేళ గాక ఇరువదినాలుగు గంటలలో వీరి ముందుంచవలెను. నెలకు కనీసము ఇరువది దినములు వీరు కూర్చుండవలెను. నెలకు కనీసము రెండుసార్లు పిల్లల హోములకు స్వయముగా వెళ్ళి చూడవలెను. ఒక బిడ్డ విషయమై తుది ఉత్తర్వు చేయునప్పుడు ముగ్గురు సభ్యులైనను హాజరై యుండవలెను.

ఇంత అధికారము గలవారిని మంత్రిగారు ఒక్క సంతకముతో వేయరాదు. కేంద్రము 2016లో ప్రకటించిన మాదిరి నియమములలో ఒక ఎంపిక కమిటీ చెప్పబడినది. రాష్ట్రములు ఆ మాదిరినే పాటించుటయో, దానికి అనుగుణముగా తమ నియమములు చేసికొనుటయో చేయవలెను. ఆ ఎంపిక కమిటీకి అధ్యక్షుడు హైకోర్టులో పనిచేసి రిటైరైన న్యాయమూర్తి. ప్రభుత్వ శాఖ నుండి ఒక పై అధికారి కార్యదర్శిగా ఉండును. పిల్లల కొరకు ఏడేండ్లయినను పనిచేసిన స్వచ్ఛంద సంస్థల నుండి ఇద్దరుందురు. అయితే ఆ సంస్థలు తాము హోములు నడుపునవి కాకూడదు. విశ్వవిద్యాలయముల వంటి విద్యాసంస్థల నుండి ఇద్దరు, బాలల హక్కుల కమిషన్ లేక మానవ హక్కుల కమిషన్ నుండి ఒకరు ఉందురు. మొత్తము ఏడుగురు. పత్రికలో ప్రకటన వేసి, దరఖాస్తులు పిలిచి, పరిశీలించి, పేర్ల పట్టిక తయారు చేయుట వీరి పని.

దరఖాస్తు పెట్టువారు ముప్పది అయిదేండ్లు దాటినవారై యుండవలెను. పిల్లల ఆరోగ్యము, విద్య, సంక్షేమము కొరకు ఏడేండ్లయినను పాటుబడియుండవలెను. 2021 సవరణతో మనస్తత్వ శాస్త్రము, న్యాయ శాస్త్రము, సమాజ సేవ, విద్య వంటి విషయములలో డిగ్రీ కూడ కావలసి వచ్చినది. పిల్లలను పనికి పెట్టుకొనినవారు, పిల్లలను హింసించినవారు, నీతిబాహ్యమైన నేరములో శిక్షపడినవారు, ప్రభుత్వోద్యోగము నుండి తొలగింపబడినవారు పనికిరారు. గడువు మూడేండ్లకు మించరాదు. సరియైన కారణము లేకుండ వరుసగా మూడు నెలలు రాకపోయినను, సంవత్సరములో నాలుగింట మూడు వంతుల సమావేశములకైనను హాజరు కాకపోయినను, విచారించి పదవి తీసివేయవలెను.

చదివినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగెను. ఇన్నాళ్ళు ఇవి రాజకీయ పదవులేయని, పైన తెలిసినవారుంటేనే వచ్చునని మేమును అనుకొంటిమి. చట్టము అట్లు చెప్పలేదు. "ఎవరి మనిషివి?" అని చట్టము అడుగుట లేదు. "పిల్లల కొరకు నీవు ఏమి చేసితివి?" అని అడుగుచున్నది.

కమిషన్‌ను వేయు విధము

రాష్ట్ర కమిషన్‌కు ఆధారము 2005 నాటి చట్టము. కమిషన్‌కు ఒక అధ్యక్షుడు, ఆరుగురు సభ్యులు. సభ్యులలో ఇద్దరైనను స్త్రీలు కావలెను. అధ్యక్షుడు పిల్లల క్షేమము కొరకు విశేషమైన పనిచేసిన ప్రముఖుడై యుండవలెనని చట్టము చెప్పుచున్నది. సభ్యులు విద్య, శిశు ఆరోగ్యము, నిరాదరణకు గురియైన పిల్లలు, బాలకార్మికులు, బాలల మనస్తత్వము, బాలల చట్టములు అను రంగములలో అనుభవము గలవారై యుండవలెను. గడువు మూడేండ్లు, రెండు పర్యాయములకు మించరాదు. అధ్యక్షునికి అరువది అయిదేండ్లు, సభ్యులకు అరువదేండ్లు నిండిన తరువాత ఆ పదవి చెల్లదు.

ఇక ఎన్నుకొనునది ఎవరు? అధ్యక్షుని పేరును ముగ్గురితో కూడిన ఎంపిక కమిటీ సిఫారసు చేయును. ఆ ముగ్గురికి పెద్ద ఎవరనగా, పిల్లల శాఖను చూచు మంత్రిగారే. ఆరుగురు సభ్యుల విషయములోనైతే ఇట్టి ఎంపిక కమిటీ ఉండవలెనని చట్టములో వ్రాయబడలేదు. ప్రభుత్వమే నియమించును.

ఇక్కడ మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను. కమిషన్ చేయవలసిన పని ఏమి? ప్రభుత్వ హోములో బిడ్డకు అన్యాయము జరిగినను, బడిలో జరిగినను, పోలీసు స్టేషనులో జరిగినను విచారించుట. సాక్షులను పిలిపించుటకు దానికి సివిలు కోర్టుకున్న అధికారము కలదు. అవసరమైతే హైకోర్టునకు, సుప్రీంకోర్టునకు కూడ వెళ్ళవచ్చును. అనగా అది ఏ శాఖ తప్పును ఎత్తి చూపవలెనో, ఆ శాఖ మంత్రిగారే దాని అధ్యక్షుని ఎంపికకు పెద్దగా కూర్చుందురు. లెక్కలు రాసినవాడే లెక్కలు తనిఖీ చేయువానిని పిలుచుకొనినట్లున్నది. మంత్రిగారు మంచివారైతే మంచివానిని పిలుచుకొందురు. ఎల్లప్పుడు మంచివారే వచ్చెదరని ఎవరు పూచీపడగలరు? జిల్లా కమిటీని వేయుటకు రిటైరైన న్యాయమూర్తిని పెట్టి, దానికంటె పైనున్న కమిషన్‌కు మంత్రిగారిని పెట్టుట మాకు సరియైన పద్ధతిగా తోచుట లేదు. ఇది ఏ పార్టీకి సంబంధించిన మాటయు కాదు. ఏ పార్టీ అధికారములో ఉన్నను, ఈ ద్వారము ఇట్లే తెరచియున్నది.

తగినవారు వచ్చినప్పుడు

అయినను ఈ ద్వారము గుండ మంచివారు రాలేదని చెప్పరాదు. దేశమంతటికి జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2007లో ఏర్పడినది. దాని అధ్యక్షుని ఎంపిక కూడ ఇంచుమించు ఈ విధముగనే, కేంద్ర మంత్రిగారి ఆధ్వర్యమున జరుగును. మొదటి అధ్యక్షురాలు మన తెలుగు స్త్రీయే. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హాగారు. హైదరాబాదు విశ్వవిద్యాలయములో రాజనీతిశాస్త్రము బోధించినవారు. తన తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరున వెలసిన సంస్థ ద్వారా రంగారెడ్డి జిల్లా పల్లెలలో పొలము పనులలోను, వెట్టిలోను ఉన్న పిల్లలను బడికి తెచ్చిరి. బడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడేయని వారు గట్టిగా చెప్పుచుండిరి. 2003లో వారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చెను. రెండు పర్యాయములు, 2013 వరకు వారు ఆ పదవిలో ఉండిరి.

ఆ పేరును తలంచుటలో మా ఉద్దేశము ఒక్కటే. ఆ పదవి రాకమునుపే ఆమె పని ఊరూర కనబడుచుండెను. "విశేషమైన పని" అని చట్టము వ్రాసిన మాటకు అర్థము అది. పదవి వచ్చిన తరువాత పిల్లలను గూర్చి నేర్చుకొనుట మొదలుపెట్టువారు ఆ మాటకు సరిపోరు.

కంచెయే చేను మేసినప్పుడు

తగనివారు వచ్చినప్పుడు ఏమగునో బీహారు రాష్ట్రములోని ముజఫర్‌పూర్ మనకు చూపెను. ఈ సంగతి వ్రాయుట కష్టమైనను వ్రాయక తప్పదు. అక్కడ ప్రభుత్వ నిధులతో ఒక సంస్థ ఆడపిల్లల కొరకు హోము నడుపుచుండెను. టాటా సామాజిక శాస్త్రముల సంస్థవారు రాష్ట్రములోని హోములను పరిశీలించి ఇచ్చిన నివేదిక వలన, ఆ హోములో పిల్లలపై జరుగుచున్న ఘోరమైన అత్యాచారములు 2018లో బయటపడెను. సుప్రీంకోర్టు ఆ కేసును 2019లో ఢిల్లీకి మార్చినది. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు పందొమ్మిది మందిని దోషులుగా తేల్చెను.

ఆ పందొమ్మిది మందిలో ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీ అధ్యక్షుడుగా పనిచేసినవాడును, ఒక సభ్యుడును ఉండిరి.

నెలకు రెండుసార్లు హోమునకు వెళ్ళి పిల్లల కన్నీరు తుడువవలెనని చట్టము ఎవరికి అప్పగించెనో, వారే. మన పెద్దలు కంచే చేను మేస్తే కాపెవరని అడిగినది ఇందుకే. ఆ పిల్లలు ఎవరితో చెప్పుకొందురు? తలుపు తట్టవలసిన ఇంటిలోనే దొంగ కూర్చున్నాడు. ఆ ఇద్దరి పేర్లు ఒకానొక దినమున ఎవరి బల్ల మీదికో వచ్చియుండును. ఎవరో సంతకము చేసియుందురు. ఆ సంతకమునకు ముందు వారిని గూర్చి నిజముగా విచారించినవారు ఎందరు?

పీట ఖాళీగా ఉన్నప్పుడు

తగనివారిని వేయుట ఒక తప్పు. ఎవరిని వేయకుండ వదలివేయుట ఇంకొక తప్పు. బాల న్యాయ చట్టము సరిగా అమలగుట లేదని 2005లో సంపూర్ణా బెహురాగారు సుప్రీంకోర్టునకు వెళ్ళిరి. పదమూడేండ్ల తరువాత, 2018 ఫిబ్రవరి 9న, న్యాయమూర్తులు మదన్ లోకూర్, దీపక్ గుప్తా గార్లు తీర్పు ఇచ్చిరి. జాతీయ, రాష్ట్ర కమిషన్లలోను, జువెనైల్ జస్టిస్ బోర్డులలోను, బాలల సంక్షేమ కమిటీలలోను ఖాళీలను ఆలస్యము లేకుండ నింపవలెనని ఆజ్ఞాపించిరి. ఆ తీర్పు వచ్చిన కొన్నేండ్ల తరువాతనే మా అవ్వ తాళము వేసిన గది ముందు కూర్చున్నది. గడువు ముగియు దినము మూడేండ్ల ముందే తెలియును గదా! పంట కోతకు వచ్చు నెల తెలిసిన రైతు కొడవలి ముందుగానే సానబెట్టుకొనును. కొత్త కమిటీ కొరకు ప్రకటన ఆరు నెలల ముందు వేయుటకు అడ్డమేమి?

మన ఇంటి సంగతి

ఇప్పుడు మన సంఘములకు తగులు మాట ఒకటి చెప్పవలెను. ఒక జిల్లాలో పిల్లల హోము నడుపు యాజమాన్యములో ఉన్నవారు బాలల సంక్షేమ కమిటీలో ఉండరాదని చట్టము చెప్పుచున్నది. 2022లో సవరించిన మాదిరి నియమములలో, విదేశీ విరాళములు పొందు సంస్థలతో సంబంధమున్న వారు కూడ తగరని చేర్చిరి. తోటి సేవకుడొకరు ఈ సంగతి విని, "అయ్యా, ఇది మనవాళ్ళను బయట పెట్టడానికే కదా!" అని నొచ్చుకొనెను.

విదేశీ విరాళముల నియమము వలన పిల్లలకు నిజముగా సేవచేసిన కొందరు మంచివారు దూరమగుదురని మాకును బాధ కలదు. ఆ మాట మర్యాదగా ప్రభుత్వమునకు విన్నవించవచ్చును. అయితే హోములను గూర్చిన నియమము సరియైనదేయని మేము నమ్ముచున్నాము. అది ఒక మతమువారి కొరకు వ్రాయబడినది కాదు, అందరికిని ఒక్కటే. ధాన్యము అమ్మువాడే కాటా పట్టుకొనరాదు. బిడ్డను ఏ హోమునకు పంపవలెనో తేల్చువాడు తన హోము నింపుకొనువాడు కాకూడదు. తనిఖీకి వచ్చువాడు, తనిఖీ చేయబడువాడు ఒక్కరే అయితే ఆ పిల్లలకు మిగులు దిక్కెవరు? ముజఫర్‌పూర్ సంగతి విన్న తరువాత కూడ ఈ నియమమునకు నొచ్చుకొనుట మనకు తగదు.

ఇంకొక సంగతి ఒప్పుకొనవలసి యున్నది. చాల యేండ్ల క్రిందట మా ప్రాంతపు పెద్దమనిషి ఒకరు ఇట్టి పదవి కొరకు ప్రయత్నించుచు, సంఘము తరఫున సిఫారసు ఉత్తరము కావలెనని మాయొద్దకు వచ్చెను. ఆయన మందిరమునకు సాయము చేసినవాడు. కాదనలేక వ్రాసి ఇచ్చితిమి. ఆయన పిల్లల కొరకు ఏమి చేసెనో మేము అడుగలేదు. ఒక్క బిడ్డ పేరైనను ఆయనకు తెలియునో లేదో చూడలేదు. ఆ పదవి ఆయనకు రాలేదు. అది మా వివేకము వలన కాదు. అట్టి ఉత్తరములు వ్రాయువారు మావంటివారు ఎందరున్నారో గదా! ప్రభుత్వమును తప్పుపట్టుటకు ముందు మా చేతిలోని కలమును చూచుకొంటిమి.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో, అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను నిర్లక్ష్యము చేయుచున్నారని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు ఏమి చేసిరో మీకు తెలియును. తమకు దగ్గరివారిని వేసికొనలేదు. సంఘమంతటిని పిలిచి, మంచిపేరు గల ఏడుగురిని మీరే చూచి తెండని చెప్పిరి. అన్నము వడ్డించు పనికే అంత జాగ్రత్త అవసరమైతే, తల్లిదండ్రులు లేని బిడ్డ బ్రతుకును తేల్చు పనికి ఎంత జాగ్రత్త కావలెను!

పల్లెలో ఉన్న మనము చేయగలిగినది

దూరమున ఎక్కడో జరుగు ఎంపికలో మనకేమి పని అని అనుకొనవద్దు. చేయగలిగిన పనులు కొన్ని కలవు.

మొదటిది, తెలిసికొనుట. మీ జిల్లాలో కమిటీ ఎక్కడ కూర్చుండునో, సభ్యులెవరో, వారి గడువు ఏ తేదీన ముగియునో జిల్లా బాలల రక్షణ విభాగమువారిని అడుగుడి. చెప్పనియెడల 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కాగితము పెట్టవచ్చును. గడువు ముగియకముందే "కొత్త కమిటీకి ప్రకటన వేసితిరా?" అని అడుగు ఉత్తరములు పది ఊళ్ళ నుండి వెళ్ళినయెడల బల్ల మీది ఫైలు కదలును.

రెండవది, తగినవారిని ముందుకు పంపుట. మన సంఘములలో ముప్పది యేండ్లు బడిలో పాఠము చెప్పిన ఉపాధ్యాయినులు ఉన్నారు. సమాజ సేవలో పట్టా పొందిన యౌవనస్థులు ఉన్నారు. చదువుకొన్న వకీళ్ళు ఉన్నారు. ప్రకటన వచ్చినప్పుడు, "అమ్మా, మీరు పెట్టండి" అని వారితో చెప్పువారు లేరు. ఇది జీతపు ఉద్యోగము కాదు, కూర్చున్న దినములకు భత్యము మాత్రమే ఉండును. నెలకు ఇరువది దినములు తీరిక కావలెను. అట్టి తీరికయు, అర్హతయు ఉన్నవారు అందరిలోను ఉన్నారు. మన విశ్వాసులే కానక్కరలేదు. మీ ఊరి బడిలో పిల్లలు ప్రాణముగా చూచుకొను పంతులమ్మ ఏ మతస్థురాలైనను ఆమెను ప్రోత్సహించుడి.

మూడవది, ఎరుగనివారికి సిఫారసు వ్రాయకుండుట. సంఘకాపరులకు ఇది మా మనవి. ఎవరైన ఉత్తరము అడిగినయెడల, మీరు సహాయము చేసిన పిల్లలలో ముగ్గురిని గూర్చి చెప్పుడని అడుగుడి. చెప్పలేనివారికి మర్యాదగా కాదని చెప్పుడి.

నాలుగవది, తప్పు కనబడినప్పుడు చెప్పుట. "ఈళ్ళనెవరడుగుతారండీ?" అని అవ్వ అడిగినది గదా! దానికి చట్టములో జవాబు కలదు. బాలల సంక్షేమ కమిటీపై ఫిర్యాదు వినవలసినది జిల్లా కలెక్టరుగారు. ఆ బిడ్డతో సంబంధమున్న ఎవరైనను వారికి ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలకొకసారి కలెక్టరుగారు కమిటీ పనిని సమీక్షించవలెనని కూడ ఉన్నది. కనుక అడుగువారు ఉన్నారు. వారిచేత అడిగించువారు మనమే.

అయిదవది, మన హోములను వెలుగులో నడుపుట. రిజిస్ట్రేషన్ లేకుండ పిల్లల హోము నడుపుట నేరము. దానికి సంవత్సరము వరకు జైలు గాని, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండును గాని విధించవచ్చును. దేవుని పనియని పేరు పెట్టినంత మాత్రమున చట్టము ప్రక్కకు తొలగదు, తొలగకూడదు. తనిఖీకి వచ్చినవారిని విసుగుకొనక లోపలికి పిలిచి, పిల్లలతో ఒంటరిగా మాటలాడనిచ్చుడి. దాచుటకు ఏమియు లేని ఇంటికి తలుపు తెరచుటకు భయమేమి?

అవ్వకు మా జవాబు

ఆ పిల్లల సంగతి ఏమాయెనని మీరు అడుగుదురు. మూడవసారి వెళ్ళిన దినమున, మధ్యాహ్నము తరువాత, పొరుగు జిల్లా నుండి ముగ్గురు సభ్యులు వచ్చిరి. వారిలో పెద్దావిడ ఒకరు మమ్మును, అవ్వను బయట కూర్చుండుమని చెప్పి, తలుపు దగ్గరగా వేసి, ఆ చిన్నదానితో అరగంట మాటలాడెను. బయటికి వచ్చినప్పుడు ఆ బిడ్డ చేతిలో బిస్కెట్ల పొట్లము ఉన్నది. తల్లి చనిపోయిన తరువాత ఆ ముఖములో నవ్వు చూచుట మాకు అదే మొదటిసారి. "ఏమడిగారమ్మా?" అంటే, "నాకేం కావాలని అడిగారండి. చదువుకుంటానని చెప్పానండి" అనెను. అప్పటివరకు ఆ మాట ఎవరును దానిని అడుగలేదు. మేమును అడుగలేదు.

ఆ చిన్నది కస్తూర్బా బాలికా విద్యాలయములో ఆరవ తరగతిలో చేరినది. తమ్ముడు అవ్వ దగ్గరనే ఉండి ఊరి బడికి పోవుచున్నాడు. మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు నాలుగు వేల రూపాయల సాయము కొరకు వానికి కాగితములు పెట్టించిరి, కొంత ఆలస్యముగానైనను వచ్చినది. ఆ బంధువు మరల రాలేదు.

తలుపు వేసి, బిడ్డ ఎదుట కూర్చుండి, నీకేమి కావలెనని అడుగగల మనిషి. ఆ పీట మీద కావలసినది అట్టివారే. చట్టములోని డిగ్రీలు, యేండ్లు, ఎంపిక కమిటీలు అన్నియు ఆ ఒక్క మనిషిని వెదకి తెచ్చుటకే ఉన్నవి. వెదకువారు సరిగా వెదకినయెడల అట్టివారు దొరకుదురు. ఎవరును చూచుట లేదని తెలిసినప్పుడు వెదకుట మానివేసి, ఎవరినో ఒకరిని తెచ్చి కూర్చుండబెట్టుదురు.

ఈ మధ్య అవ్వ మందిరములో కనబడినప్పుడు ఆమె ప్రశ్నకు జవాబు చెప్పితిమి. "అవ్వా, ఆ కమిటీని ప్రభుత్వమే వేస్తుంది. కానీ ముందు రిటైరైన జడ్జిగారూ మరికొందరూ చూసి, పేర్లు ఇయ్యాలి. తప్పు చేస్తే కలెక్టరుగారు అడుగుతారు" అంటిమి.

అవ్వ కొంతసేపు ఆలోచించి, "మరి వాళ్ళు సరిగ్గా చూశారో లేదో ఎవరు చూస్తారయ్యగారూ?" అనెను.

మనమే, అవ్వా. మనమే చూడవలెను.